హాస్టల్ గదిలో రౌటర్, ఎగ్జామ్ బ్రాంచిలో టెన్షన్: ఒక కాలేజీ నెట్‌వర్క్ కేస్ స్టడీ

సెమిస్టర్ పరీక్షల మొదటి రోజు. ఉదయం తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుంది. ఎగ్జామ్ బ్రాంచి నుంచి ఫోన్ వచ్చింది. "సార్, నెట్ రావట్లేదు. పేపర్ డౌన్‌లోడ్ చేయాలి, త్వరగా రండి." యూనివర్సిటీ ప్రశ్నపత్రం మాకు ఆన్‌లైన్లోనే వస్తుంది. పరీక్షకు కాస్త ముందు అది తెరుచుకుంటుంది. ప్రింటు తీసి, లెక్కపెట్టి, కట్టలు కట్టి హాళ్లకు పంపాలి. పరీక్ష పది గంటలకు. నేను మెట్లు దిగేలోపే ఫీజు కౌంటర్ నుంచి, లైబ్రరీ నుంచి, సివిల్ డిపార్ట్‌మెంటు నుంచి కూడా ఫోన్లు వచ్చాయి.

నేను వెళ్లేసరికి ప్రిన్సిపాల్ గారు తన ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, ఎగ్జామ్ బ్రాంచి కంప్యూటరుకు కలిపి పేపర్ దించేశారు. పరీక్ష సమయానికే మొదలైంది. పిల్లలకు విషయమే తెలియదు. నాకు మాత్రం ఆ హాట్‌స్పాట్ చాలా రోజులు కళ్లముందే ఉంది. కాలేజీ మొత్తంలో అన్నిటికంటే భద్రంగా ఉండాల్సిన కంప్యూటర్ మా ఫైర్‌వాల్‌తో (లోపలికీ బయటికీ వెళ్లే ట్రాఫిక్‌కు కాపలా ఉండే ఏర్పాటు) సంబంధం లేకుండా ఒక సొంత ఫోన్ మీదుగా బయటికి వెళ్లింది. ఆ పది నిమిషాల్లో అంతకంటే సరైన పని ఇంకోటి లేదు. అలాంటి పని చేయక తప్పని స్థితికి నెట్‌వర్క్‌ను తెచ్చింది నేను. అందుకే ఇది రాస్తున్నాను. మాలాంటి కాలేజీల్లో ఒకరిద్దరే నెట్‌వర్క్ పని మొత్తం చూసుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని.

మాది గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ. మూడు వేల పైచిలుకు విద్యార్థులు, రెండు హాస్టళ్లు. నెట్‌వర్క్ పని చూసేది నేను, నాకు సాయంగా ఒక టెక్నీషియన్. కాలేజీ పెట్టినప్పుడు ఒక్క బ్లాకే ఉండేది, నాలుగు నెట్‌వర్క్ స్విచ్‌లు (కంప్యూటర్ల వైర్లన్నీ కలిపే డబ్బాలు) సరిపోయేవి. తర్వాత బ్లాకులు పెరిగాయి, హాస్టళ్లు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి, వేలిముద్ర మిషన్లు వచ్చాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు పక్క స్విచ్‌లో గుచ్చుకుంటూ పోయాం. ఒకే నెట్‌వర్క్‌ను విడివిడి భాగాలుగా చేసే ఏర్పాటును వీలాన్ అంటారు. మా దగ్గర అన్నీ వీలాన్ 1లోనే ఉన్నాయి. అంటే హాస్టల్ మూడో అంతస్తులో ఉన్న ఫోన్, ఎగ్జామ్ బ్రాంచిలో ఉన్న కంప్యూటర్ ఒకే గదిలో కూర్చున్నట్టు లెక్క. మధ్యలో తలుపు లేదు.

రౌటర్ దొరికిన తీరు

ఆ ఉదయం విచిత్రం ఏమిటంటే, కొన్ని కంప్యూటర్లకు నెట్ ఉంది, పక్కనే ఉన్న వాటికి లేదు. లైన్ పోతే అందరికీ పోవాలి కదా. నెట్ రాని మిషన్‌లో ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం కొట్టి దాని నెట్‌వర్క్ చిరునామా (ఐపీ అడ్రస్) చూశాను. మా చిరునామాలు 10తో మొదలవుతాయి. అక్కడ 192.168.0తో మొదలయ్యే చిరునామా కనిపించింది. బ్రౌజర్లో దాని గేట్‌వే (మిషన్ బయటికి వెళ్లే ద్వారం) చిరునామా కొడితే ఇళ్లలో వాడే వైఫై రౌటర్ లాగిన్ పేజీ తెరుచుకుంది. మాలో ఎవరూ పెట్టని రౌటర్ అది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. కంప్యూటర్ ఆన్ కాగానే "నాకు చిరునామా ఎవరిస్తారు?" అని నెట్‌వర్క్ అంతటా కేకేస్తుంది. దాన్నే డీహెచ్‌సీపీ అంటాం. ఎవరు ముందు బదులిస్తే వాళ్లు ఇచ్చింది తీసుకుంటుంది. ఇచ్చినవాడు అసలు సర్వరేనా, ఎవరో తెచ్చిపెట్టిన డబ్బానా అని అడిగే ఏర్పాటు ఆ పద్ధతిలో లేదు. ఇంటి రౌటర్‌లో చిరునామాలు పంచే పని మొదటినుంచే ఆన్ అయి ఉంటుంది. దగ్గర్లో ఉంటే మా సర్వర్ కంటే ముందే బదులిస్తుంది కూడా. రాత్రంతా ఆన్‌లో ఉన్న మిషన్లు గడువు సగం అవగానే తమకు చిరునామా ఇచ్చిన పాత సర్వర్‌నే నేరుగా అడిగి పొడిగించుకుంటాయి. అందుకే వాటికి ఏమీ కాలేదు. పొద్దున్నే ఆన్ చేసినవే చిక్కుకున్నాయి. ఆఫీసులు తెరిచే వేళ, పరీక్షల రోజున అయితే మొదట దెబ్బతినేది అవే.

ఆ గేట్‌వే మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే హార్డ్‌వేర్ గుర్తింపు సంఖ్య) పట్టుకుని, మెయిన్ స్విచ్‌లో అది ఏ పోర్టు వైపు కనిపిస్తోందో చూసి, అక్కడి నుంచి కింది స్విచ్‌కు, ఇంకా కిందికి వెళ్లాను. బాయ్స్ హాస్టల్, మూడో అంతస్తు, చివరి గది వైపు తేలింది. పోర్టు ఆపేశాను. మిషన్లు ఒక్కొక్కటిగా మళ్లీ మా చిరునామాలు తీసుకున్నాయి. అప్పటికి పదిన్నర.

మధ్యాహ్నం ఆ గదికి వెళ్లాను. సెకండియర్ కుర్రాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "సార్, సస్పెండ్ చేస్తారా?" అన్నాడు. "ముందు కూర్చో బాబూ, ఎందుకు పెట్టావో చెప్పు" అన్నాను. వాళ్ల గదికి వైఫై సిగ్నల్ రాదు. రాత్రి అమ్మతో వీడియో కాల్ మాట్లాడాలంటే కారిడార్ చివరికి వచ్చి నిలబడాలి. పండక్కి ఇంటికెళ్లినప్పుడు మూలన పడి ఉన్న పాత రౌటర్ తెచ్చుకున్నాడు. గోడలో ఉన్న సాకెట్ నుంచి వైరు తీసి, ఇంటర్నెట్ అని రాసి ఉన్న పోర్టులో గుచ్చాల్సింది పోయి పక్కనున్న లాన్ పోర్టులో గుచ్చాడు. ఇంటర్నెట్ పోర్టులో గుచ్చి ఉంటే ఆ రౌటర్ వాళ్ల గది వరకే చిరునామాలు పంచేది, మాకు ఆ రోజు ఫోన్ వచ్చేదే కాదు. ఒక రంధ్రం తేడా.

నేను ఫోన్లో సిగ్నల్ చూశాను. నిజమే, రాదు. వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్ కారిడార్ మధ్యలో ఉంది, ఆ గదికీ దానికీ మధ్య బాత్రూముల గోడలు రెండున్నాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అలాంటి గోడల్ని దాటలేదు. రెండేళ్లుగా ఆ చివర గదుల పిల్లలు వార్డెన్‌కు చెబుతూనే ఉన్నారట. ఆ మాట నా దాకా రాలేదు, నేనూ వెళ్లి అడగలేదు. నా కేస్ నోట్స్‌లో అసలు కారణం అన్న చోట "విద్యార్థి తప్పు" అని రాయలేదు. "మూడో అంతస్తు చివర సిగ్నల్ లేదు, అన్నీ ఒకే వీలాన్, స్విచ్‌లో అనుమతి లేని డీహెచ్‌సీపీని ఆపే ఏర్పాటు లేదు" అని రాశాను.

వెతకనిది దొరికింది

ఇక్కడితో అయిపోతే ఇది చిన్న కేసు. ఇంకో రౌటర్ ఎక్కడైనా ఉందేమో చూద్దామని మెయిన్ స్విచ్‌లో ట్రాఫిక్ కాపీ తీసి, దాన్ని విడదీసి చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. రౌటర్ ఏదీ కనపడలేదు. కానీ ఒక మిషన్ మా చిరునామాలన్నిటినీ వరుసగా తడుముతోంది. ఒకటి, రెండు, మూడు... ప్రతిదాని 445 పోర్టు తట్టి చూస్తోంది. ఇది స్విచ్ మీది రంధ్రం కాదు, మిషన్ లోపల ఒక్కో సేవకు ఉండే నంబరు. విండోస్ ఫైళ్లు పంచుకునే పోర్టు అది. మనిషి చేసే పని కాదు, అంత వేగం మనిషికి రాదు.

ఆ పోర్టు అనగానే గుండె జారింది. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై ప్రపంచమంతా పాకింది ఈ దారిలోనే. ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఉన్న లోపం పట్టుకుని, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు దూకింది. మైక్రోసాఫ్ట్ అప్పటికే రెండు నెలల ముందు, మార్చిలోనే సవరణ ఇచ్చింది. వేయనివాళ్లు దెబ్బతిన్నారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని అప్పుడు చిక్కుకున్నాయి. మా ఎగ్జామ్ బ్రాంచిలో ఓఎంఆర్ స్కానర్‌కు (గడులు నింపిన కాగితాలు చదివే మిషన్) తగిలించిన కంప్యూటర్ ఇంకా విండోస్ 7 మీదే నడుస్తోంది. ఆ స్కానర్ డ్రైవరు కొత్త విండోస్‌లో పనిచేయదు. విండోస్ 7కు మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తోనే ఆగిపోయింది.

తడుముతున్న మిషన్ ఒక మేడమ్‌ది. సొంత డబ్బుతో కొన్న ల్యాప్‌టాప్. పగలు దానిమీద ఇంటర్నల్ మార్కులు ఎక్కిస్తారు, రాత్రి వాళ్లబ్బాయి ఆటలాడుకుంటాడు. ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టక్కర్లేకుండా చేస్తుందని ఎవరో ఇచ్చిన క్రాక్ ఒకటి వేశారు. ఆ క్రాక్ వేయాలంటే యాంటీవైరస్ ఆపాలని సూచనల్లో ఉంటుంది. ఆపారు, మళ్లీ ఆన్ చేయలేదు. దాంతోపాటు ఏం లోపలికి వచ్చిందో అదే ఇప్పుడు మా నెట్‌వర్క్‌ను తడుముతోంది.

విషయం చెప్పగానే ఆవిడ ముఖం పాలిపోయింది. "మీటింగ్‌లో నా పేరు చెప్తారా అండీ?" అని అడిగారు. చెప్పనన్నాను. చెప్పలేదు. రిపోర్టులో "ఒక సొంత ల్యాప్‌టాప్" అనే ఉంది. ఈ విషయంలో మేనేజ్‌మెంటుతో గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. ఒక్కసారి ఒకరి పేరు సర్క్యులర్‌లో పడితే, ఆ తర్వాత మిషన్ నెమ్మదించినా, వింతగా ప్రవర్తించినా ఎవరూ నా దగ్గరికి రారు. దాచుకుంటారు. దాచిన రోగం నా చేతికి అందదు.

ఆ ల్యాప్‌టాప్‌ను యాంటీవైరస్‌తో కడిగి తిరిగి ఇవ్వలేదు. కావాల్సిన డాక్యుమెంట్లు పక్కకు తీసి, పరిశీలించి, మొత్తం ఫార్మాట్ చేశాం. కొన్నప్పుడు దానితో వచ్చిన విండోస్ లైసెన్స్ ఉంది కాబట్టి అది మామూలుగానే మళ్లీ వచ్చింది. క్రాక్ చేసిన ఆఫీస్ స్థానంలో ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ వేశాం. ఆవిడ పాస్‌వర్డ్‌లన్నీ వేరే శుభ్రమైన మిషన్ నుంచి మార్పించాం. ఈ వరుస ముఖ్యం. సోకిన మిషన్‌లోనే కూర్చుని పాస్‌వర్డ్ మారిస్తే కొత్తది కూడా దొంగల చేతికే వెళ్తుంది. తర్వాత ఆ మేడమ్, నేను, ఎగ్జామ్ బ్రాంచి సూపరింటెండెంట్ గారు రెండు సాయంత్రాలు కూర్చుని, పోర్టల్‌లో ఉన్న మార్కుల్ని సంతకాలున్న కాగితాలతో పోల్చి చూశాం. ఒక్క అంకె తేడా లేదు. చివరి కాగితం పక్కన పెట్టినప్పుడు ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

ల్యాప్‌టాప్ సంగతి బయటపడిన రోజే సెర్ట్-ఇన్‌కు (దేశంలో సైబర్ ఘటనలు చూసే ప్రభుత్వ సంస్థ) మెయిల్ పెట్టాం. 2022 ఏప్రిల్ 28 నాటి వాళ్ల ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన గమనించిన 6 గంటల్లోపు తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి, మిషన్ల గడియారాలు సర్కారీ టైమ్ సర్వర్లతో కలిసి ఉండాలి. రిపోర్టుకు లాగ్‌లు తీస్తుంటే ఈ గడియారాల సంగతి ఎందుకు రాశారో అర్థమైంది. హాస్టల్ స్విచ్ లాగ్‌లో తేదీ 1993 మార్చి అని ఉంది! కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది అక్కడి నుంచే లెక్క మొదలుపెడుతోంది. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది ఆ లాగ్ చూసి ఎవరూ చెప్పలేరు. గడియారాలు సరిచేయడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. ఏళ్ల తరబడి చేయని పని.

"అన్నీ నిషేధిద్దాం"

మీటింగ్‌లో మొదట వచ్చిన మాట ఇదే. రేపటి నుంచి క్యాంపస్‌లో సొంత ల్యాప్‌టాప్‌లు, సొంత ఫోన్లు నెట్‌వర్క్‌కు కలపకూడదని సర్క్యులర్ ఇద్దామన్నారు. ఆ కోపం నాకు అర్థమైంది. కానీ మా కాలేజీలో హాజరు వేసేది లెక్చరర్ల సొంత ఫోన్లలోని యాప్‌తోనే. కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెరిగాక ల్యాబ్‌లు చాలక, పిల్లల్ని సొంత ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోమన్నది మేమే. నిషేధిస్తే అందరూ ఫోన్ హాట్‌స్పాట్ మీదికి పోతారు. కాలేజీ కంప్యూటరుకు ఒకవైపు మా వైరు, ఇంకోవైపు హాట్‌స్పాట్. అప్పుడు నాకు కనిపించని దారులు వందల్లో ఉంటాయి. పరీక్ష రోజు ఉదయం జరిగింది చిన్నపాటి రూపంలో అదే కదా అన్నాను. ప్రిన్సిపాల్ గారు కాసేపు ఆలోచించి, "సరే, మీరేం చేద్దామంటారో రాసివ్వండి" అన్నారు.

ఇంకో ప్రతిపాదన కూడా వచ్చింది. ప్రతి ఉద్యోగి ఫోన్లో ఒక యాప్ వేయించి, అవసరమైతే ఇక్కడి నుంచే ఫోన్ మొత్తం చెరిపేసే వీలు పెట్టుకుందామని. నేను ఒప్పుకోలేదు. ఆ ఫోన్లో వాళ్ల పిల్లల ఫొటోలుంటాయి, బ్యాంకు యాప్‌లుంటాయి, డాక్టరు రిపోర్టులుంటాయి. హాజరు యాప్ తెరిచినందుకు వాటి మీద కాలేజీకి హక్కు రాదు. మార్కులు, జీతాలు, ప్రశ్నపత్రాలు ముట్టుకునే పని ఉన్నవాళ్లకు కాలేజీయే మిషన్ ఇవ్వాలి. మిగతావాళ్ల ఫోన్ వాళ్ల సొంతమే, మా నెట్‌వర్కే వాటికి తగ్గట్టు గోడలు కట్టుకోవాలి అన్నాను. దీనికి కొంత డబ్బు ఖర్చయింది. మార్కుల ఎంట్రీ కోసం ప్రతి డిపార్ట్‌మెంటుకూ ఒక డెస్క్‌టాప్ విడిగా కొన్నారు.

గోడలు కట్టడం

మొదట వీలాన్‌లు విడగొట్టాం. ఎగ్జామ్ బ్రాంచి, అకౌంట్స్ ఒకటి. ల్యాబ్‌లు, కెమెరాలూ వేలిముద్ర మిషన్లూ, సిబ్బంది సొంత పరికరాలు, విద్యార్థులు, బయటినుంచి వచ్చే తల్లిదండ్రులు, ఇవన్నీ వేర్వేరు. సొంత పరికరాల నుంచి ఇంటర్నెట్‌కూ, కాలేజీ పోర్టల్ వెబ్ పేజీకీ మాత్రమే దారి. 445 పోర్టు ఏ వీలాన్ నుంచి ఇంకో వీలాన్‌కూ పోదు. రాసుకుంటే నాలుగు వాక్యాలు, చేయడానికి ఐదు వారాలు పట్టింది. ఏ వైరు ఎక్కడికి పోతోందో ఎవరూ రాసిపెట్టుకోలేదు కాబట్టి. మా టెక్నీషియన్ ప్రతి సాకెట్‌కూ పేరు చీటీ అంటించుకుంటూ వెళ్లాడు.

తర్వాత ప్రతి స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే కాపలా పెట్టాం. పై స్విచ్ వైపు వెళ్లే పోర్టు నుంచి వచ్చే చిరునామాల్నే నమ్ముతుంది, మిగతా పోర్టుల నుంచి ఎవరు పంచబోయినా అక్కడే ఆపేస్తుంది. ఈ పనిలో నావల్ల ఒక తప్పు జరిగింది. లైబ్రరీ స్విచ్‌లో పైకి వెళ్లే పోర్టును నమ్మకమైనదిగా గుర్తించడం మర్చిపోయి స్నూపింగ్ ఆన్ చేశాను. గంటసేపు లైబ్రరీలో ఎవరికీ చిరునామా రాలేదు. అప్పటినుంచి ముందు ఆ పోర్టు గుర్తించి, ఇంకొకరితో చూపించి, ఆ తర్వాతే ఆన్ చేస్తున్నాను. అదీ సాయంత్రం ఐదు దాటాక. హాస్టల్‌లో కొందరు పక్కవాళ్ల నెట్ కట్ చేసే యాప్‌లు వాడతారు. అవి "గేట్‌వే నేనే" అని అబద్ధపు ఏఆర్‌పీ జవాబులు (ఏ ఐపీ ఏ మ్యాక్‌ది అని చెప్పేవి) పంపుతాయి. స్నూపింగ్ తయారుచేసిన పట్టిక ఆధారంగా అలాంటి జవాబుల్ని కూడా స్విచ్‌లోనే ఆపొచ్చు. అది పెట్టాక ఆ ఫిర్యాదులు ఆగిపోయాయి.

వైఫై ఎక్కువ కష్టపెట్టింది. అప్పటిదాకా అందరికీ ఒకటే పాస్‌వర్డ్, అది క్యాంటీన్ కుర్రాడికి కూడా తెలుసు. దానికి ముందు కొన్నాళ్లు మ్యాక్ అడ్రస్‌లు రాయించుకుని వాటినే అనుమతించాం. కానీ ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ చూపించకుండా ఒక్కో వైఫైకి ఒక్కో మారు చిరునామా చూపిస్తాయి. అది వాళ్ల గోప్యత కోసం వచ్చిన మంచి మార్పే. పైగా మ్యాక్‌ను ఎవరైనా కాపీ కొట్టొచ్చు. ఆ పద్ధతి వదిలేసి 802.1ఎక్స్ అనే లాగిన్ పద్ధతికి మారాం. ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లదే. వెనకాల వాటిని సరిచూసే ఫ్రీరేడియస్ సర్వర్, అది ఉచితమే.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, చాలా చోట్ల వదిలేస్తారు. మీ వైఫై పేరుతోనే ఇంకెవరో పక్కన వైఫై పెడితే, ఫోన్ సర్వర్ సర్టిఫికెట్ (అసలు సర్వరేనని చెప్పే డిజిటల్ గుర్తింపు) సరిచూడకపోతే, పాస్‌వర్డ్‌ను ఛేదించడానికి కావాల్సిన సమాచారం వాళ్లకు వెళ్లిపోతుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో "సరిచూడొద్దు" అన్న ఎంపిక ఉండేది, చాలా కాలేజీల సూచనల కాగితాల్లో అదే నొక్కమని రాసి ఉంటుంది. మా పాత కాగితంలోనూ అదే ఉంది, రాసింది నేనే. ఆండ్రాయిడ్ 11 తర్వాత వస్తున్న ఫోన్లలో ఆ ఎంపిక తీసేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు సిస్టమ్ సర్టిఫికెట్లు ఎంచుకుని, డొమైన్ పేరు చేత్తో కొట్టాలి. మూడు వేల మంది చేత ఆ పేరు అక్షరం తప్పకుండా కొట్టించడం ఎలా? సర్క్యులర్‌తో కాదు. రాత్రి భోజనాల వేళ హాస్టల్ మెస్‌లో రెండు బల్లలు వేసుకుని కూర్చున్నాం. ఫైనలియర్ పిల్లలు పన్నెండు మంది సాయం చేశారు. కంచం పట్టుకుని వచ్చినవాళ్లు ఫోన్ ఇచ్చి, ఎందుకిలా చేస్తున్నామో అడిగి, సెట్ చేయించుకుని వెళ్లారు. ఆ వారంలో పిల్లలు అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులు ఏ అవగాహన సదస్సులోనూ చెప్పలేను. చాలామంది ఫోన్లలో ఎక్కడి నుంచో దించుకున్న ఏపీకే యాప్‌లు కనిపించాయి. వాటిని తీసేయించి, సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటు చూపించాం. ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ఆ కేంద్రం ఉచిత భద్రతా సాఫ్ట్‌వేర్లు ఇస్తుంది, వాటిలో ఫోన్లను కాపాడే ఎం-కవచ్‌ను తయారుచేసింది మన హైదరాబాద్ సీ-డాక్ (ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వాళ్లే అంటే పిల్లలు ఆసక్తిగా చూశారు.

ఇంకో చోట నా అంచనా తప్పింది. విద్యార్థుల వైఫైలో ఒక పరికరానికి ఇంకో పరికరం కనపడకుండా చేశాను. భద్రతకు మంచిదే. మర్నాడే ఈసీఈ వాళ్లు వచ్చారు. "సార్, మా ప్రాజెక్టు బోర్డు, ఫోన్ మాట్లాడుకోవట్లేదు, ఎల్లుండి రివ్యూ." ఆ చిన్న బోర్డులు చాలావరకు 802.1ఎక్స్‌కు సరిగా కలవవు కూడా. ప్రాజెక్టుల కోసం ఒక విడి వైఫై పెట్టాం. దానికి మామూలు పాస్‌వర్డ్, సెమిస్టర్‌కోసారి మారుతుంది. అందులో ఉన్నవి ఒకదాన్నొకటి చూసుకుంటాయి, కాలేజీ లోపలికి మాత్రం ఎటూ దారి లేదు.

ఇప్పటి పరిస్థితి

మూడో అంతస్తు చివర కొత్త యాక్సెస్ పాయింట్ పెట్టాం. బడ్జెట్‌లో అన్నిటికంటే చిన్న ఖర్చు అదే. ఆ కుర్రాడు రౌటర్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "ఇక అవసరం లేదు సార్" అన్నాడు. దాన్ని ల్యాబ్‌లో ఉంచాను. స్నూపింగ్ పెట్టిన ప్రతి స్విచ్‌లో ఆ రౌటర్‌నే కావాలని తప్పు పోర్టులో గుచ్చి, ఆగుతోందో లేదో చూస్తాను. ఆ తర్వాతి సెమిస్టర్ పరీక్షల ముందు రోజు అలాగే అన్ని బ్లాకుల్లోనూ గుచ్చి చూశాం. ఎక్కడా చిరునామా బయటికి రాలేదు. ఎగ్జామ్ బ్రాంచికి రెండో కంపెనీ నుంచి ఒక విడి ఇంటర్నెట్ లైన్ కూడా పెట్టించాం, అది మా ఫైర్‌వాల్ మీదుగానే వస్తుంది. మొదటిది పోయినా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టక్కర్లేదు.

కెమెరాల పని సగమే అయింది. వాటిలో కొన్నింటికి ఇంకా కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంది, నిచ్చెన వేసుకుని ఒక్కొక్కటీ రీసెట్ చేయాలి, వేసవి సెలవులకు పెట్టుకున్నాం. ఓఎంఆర్ స్కానర్ దగ్గరి విండోస్ 7 మిషన్ ఇంకా ఉంది. దానికి నెట్‌వర్క్ వైరు తీసేశాం. స్కాన్ చేసిన ఫైళ్లను దానికోసమే కేటాయించిన ఒక పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, పక్క మిషన్‌లో వైరస్ ఉందేమో చూశాకే తెరుస్తున్నారు. ఆ పెన్‌డ్రైవ్ సూపరింటెండెంట్ గారి బీరువాలో ఉంటుంది, రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకోవాలి. కొత్త స్కానర్ కోసం ఈ ఏడాది కొటేషన్లు అడిగాం.